మా హాల్లో ఉప్పునీళ్ళ తొట్టె, అందులో నాచుతో నా ఏడాది

మాది భీమవరం పక్కన పల్లెటూరు. ఇక్కడ ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా నాలుగు మాటల్లో మూడు రొయ్యల గురించే, కౌంట్ ఎంత, రేటెంత, ఎవరి చెరువు పోయింది, ఎవరు ఎగస్ట్రా ఏరేటర్లు వేశారు, ఇదే గోల. అలాంటి ఊళ్ళో నేను హాల్లో అద్దాల తొట్టె పెట్టి, ఉప్పునీళ్ళు కలిపి, రెండు క్లౌన్ చేపలు వదిలితే మా బాబాయ్ వచ్చి తొట్టె చుట్టూ ఒకసారి తిరిగి "ఎకరానికి ఎన్ని టన్నులొస్తాయిరా అబ్బాయ్" అన్నాడు. ఆయనకి ఇరవై ఏళ్ళ పైనుంచి చెరువులు, మొదట్లో టైగర్ రొయ్య వేసి వైట్ స్పాట్ రోగంలో నష్టపోయి మళ్ళీ వనామీ రొయ్యతో లేచిన మనిషి, ఆయన ఎటకారం పట్టించుకోకూడదు అనుకున్నా. పట్టించుకోవాల్సింది అని నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది.

తొట్టె మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. కింద ఫిల్టర్ సామాను ఉండే చిన్న తొట్టె, సంప్ అంటారు, దాంతో కలిపి, రాయీ ఇసకా పోను నీళ్ళు ఓ 200 లీటర్లు అని లెక్కేసుకున్నా. ఇక్కడ ఒక మాట చెప్పేయాలి, రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ళ తొట్టె, అనగానే ఫారిన్ వీడియోల్లో కనపడే రంగురంగుల గట్టి పగడాలు మనకి కుదరవు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 లోకి 2001లోనే రాతి పగడాల్ని చేర్చేశారు, అంటే పులి ఉన్న లిస్టే అది. ఎవడైనా "ఉన్నాయి బ్రో, పంపిస్తా" అంటే వాడికో దండం పెట్టేయండి. నా దగ్గర ఉన్నవి రాతి ఎముక లేని మెత్తటి పగడాల రకాలు, మష్రూములు, జోయాంథిడ్లు, ఒక లెదర్ అంటారు వాటిని, ఇంకా హ్యాచరీలో పుట్టిన రెండు క్లౌన్లు. రాయి కూడా సముద్రంలోది కాదు, మనిషి చేసిన సెరామిక్ రాయి. అంతే, పెద్ద గొప్పేం కాదు, కానీ రాత్రి నీలం లైట్ వేసి చూస్తే మాత్రం ఉంటదీ...

జనవరిలో మొదలెట్టా. ఫిబ్రవరికల్లా ఇసక మీద, అద్దం మీద గోధుమరంగు పొడి పరుచుకుంది, వేలితో రాస్తే పౌడర్ లా లేచిపోతుంది. అది డయాటమ్, ఒక రకం సన్న నాచు. కొత్త తొట్టెకి ఇది అమ్మవారు పోసినట్టు, అందరికీ వస్తుంది, నీళ్ళలో ఉన్న సిలికా అయిపోగానే దానంతటదే పోతుంది. నాకూ మూడు వారాల్లో పోయింది. పోయేసరికి నేనేదో పొడిచేశాననుకున్నా.

అసలు కథ ఏప్రిల్ లో. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, వేసవిలో కాలవలు కట్టేస్తారు. కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు, మళ్ళీ కాలవ వదిలేదాకా ఊరంతా ఆ నీళ్ళే. కాలవ పారేటప్పుడు మా కుళాయి నీళ్ళు టీడీఎస్ మీటర్ పెడితే 200 పైచిలుకు ఉండేవి, చెరువులో నిలవున్న నీళ్ళు ఎండకి ఇంకి ఇంకి మే నెలకి 430 చూపించాయి, కొంచెం పచ్చగా కూడా ఉండేవి. బోరు నీళ్ళ సంగతి అడగొద్దు, మా బోరు ఉప్పుది, దాంతో బట్టలుతికినా సబ్బు నురగ రాదు. నేను రీఫ్ కోసం ఆర్‌వో దాని తర్వాత మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ పెట్టుకున్నా, బయటికొచ్చే నీళ్ళు మీటర్లో సున్నా రావాలి. లోపలికొచ్చే నీళ్ళు అంత మందం అయ్యేసరికి రెజిన్ నెలన్నరకే చచ్చిపోయింది. కొత్తది ఆర్డర్ పెడితే రావడానికి పదిహేను రోజులన్నారు, తర్వాత ఇంకో పదిహేను అన్నారు.

ఇక్కడ చేశా నేను బుద్ధిలేని పని. వంటింట్లో మంచినీళ్ళ ఆర్‌వో ఉంది కదా, అదీ ఆర్‌వోనే కదా అని దాని నీళ్ళు తొట్టెలో పోయడం మొదలెట్టా. ఆ వంటింటి మిషన్లలో చాలావాటికి లోపల టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న తిప్పుడు ఉంటుంది, నీళ్ళు మరీ చప్పగా ఉంటాయని కొంచెం పచ్చి నీళ్ళు మళ్ళీ కలుపుతుంది. తాగడానికి బాగానే ఉంటాయి. మీటర్ పెడితే 80. పోన్లే 80యే కదా అనుకున్నా.

వేసవి కాబట్టి తొట్టె మీద రెండు చిన్న ఫ్యాన్లు పెట్టా, చిల్లర్ కొనే స్తోమత లేదు, ఫ్యాన్ గాలికి నీళ్ళు ఆవిరై తొట్టె 27 డిగ్రీల దగ్గర నిలబడేది. దానికి రోజుకి ఐదు లీటర్లు ఆవిరైపోయేవి. ఆవిరయ్యేది ఉత్త నీరే, ఉప్పూ గిప్పూ అన్నీ తొట్టెలోనే ఉంటాయి. నేను పోసే ఐదు లీటర్లలో ఉన్న నాచు మేత, అంటే నైట్రేటూ ఫాస్ఫేటూ సిలికా మాత్రం రోజూ వచ్చి కూర్చునేవి, పోయేదారి లేదు. రోజుకి ఐదు చొప్పున నలభై ఐదు రోజులు అంటే 225 లీటర్లు, తొట్టె మొత్తం కంటే ఎక్కువ. ఈ లెక్క నేను వేసింది అక్టోబర్ లో. మే నెలలో వేసుంటే ఈ రాత రాయాల్సిన పని లేదు.

మే మూడో వారానికి రాళ్ళ మీద పచ్చటి నూగు, జూన్ మొదట్లోకి అది జుట్టు. గ్రీన్ హెయిర్ ఆల్గే అంటారు గానీ నిజంగా జుట్టే, రెండంగుళాలు పెరిగి పంపు గాలికి ఊగుతుంటే వరి నారుమడి గుర్తొచ్చేది. సాయంత్రం ఆఫీస్ నుంచి రాగానే చొక్కా చేతులు పైకి మడిచి పీకడం, ఒక గిన్నె నిండా వచ్చేది, మా అమ్మ ఆ గిన్నె చూసి "గోంగూరలాగా ఒలుస్తున్నావేంట్రా" అనేది. పీకిన చోట నాలుగు రోజుల్లో మళ్ళీ వచ్చేది. పీకేటప్పుడు ఒకటి చూసుకోండి, పంపులు ఆపి, పీకిన ముక్కల్ని సన్న గొట్టంతో అప్పటికప్పుడు బయటికి లాగేయాలి, లేకపోతే తెగిన ముక్క ఎక్కడ చిక్కుకుంటే అక్కడ కొత్త మడి. ఇంకోటి, జోయాంథిడ్లు ఉన్న రాయి ముట్టుకునేటప్పుడు గ్లౌజులు, కళ్ళజోడు తప్పనిసరి, వాటిల్లో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది, ఆ రాయిని వేడినీళ్ళలో వేయడం, బ్రష్ పెట్టి రుద్దడం లాంటివి చచ్చినా చేయకండి, ఆవిరి పీల్చి మొత్తం కుటుంబాలు ఆస్పత్రిపాలైన కేసులు ఉన్నాయి.

కిట్లతో చూస్తే నైట్రేట్ సున్నా. సాలిఫర్ట్ కిట్ లో రంగే రాలేదు. ఇన్ని నీళ్ళు మార్చాను కాబట్టి నైట్రేట్ లేదు, మరి నాచు దేన్ని తిని పెరుగుతుంది అని బుర్ర గోక్కున్నా. ఫాస్ఫేట్ హన్నా చెకర్ అనే మీటర్లో 0.22. తర్వాత అర్థమైంది, నైట్రేట్ లేక కాదు, వచ్చింది వచ్చినట్టు నాచే తినేస్తుంటే నీళ్ళలో ఏం మిగులుతుంది, గాదె ఖాళీగా ఉందంటే పంట రాలేదని కాదు, ఎలకలు తినేస్తున్నాయని. ఫాస్ఫేట్ ఎక్కడినుంచి అనేదానికి ఇంకో సమాధానం ఒకరోజు ఉదయం ఆరింటికి దొరికింది. మా నాన్న. వాకింగ్ నుంచి రాగానే తొట్టె దగ్గర నిలబడి చిటికెడు మేత, చేపలు ఎగబడితే ఇంకో చిటికెడు, "పాపం రాత్రంతా పస్తు" అని. నేను పొద్దున్న ఎనిమిదింటికి వేస్తున్నా, అమ్మ మధ్యాహ్నం వేస్తుంది. రెండు బొటనవేలంత చేపలకి మూడు పూటలా భోజనాలు.

బాబాయ్ అప్పుడు మళ్ళీ వచ్చాడు. గిన్నెలో నాచు చూసి చాలాసేపు నవ్వాడు. "ఒరేయ్, మేం చెరువులో నాచు పట్టడానికి తవుడూ బెల్లం ఈస్ట్ వేసి డ్రమ్ములో పులియబెట్టి పోస్తాం, నీకు ఊరికే వస్తుంటే డబ్బులు పెట్టి పీకిస్తున్నావు." చెరువు వాళ్ళకి కావలసింది నీళ్ళలో తేలే సన్న నాచు, నీటికి రంగు రావాలి, ఎండ అడుగుకి తగలకూడదు, నాకు పట్టింది రాయికి అంటుకునే నాచు, రెండూ ఒకటి కాదు బాబాయ్ అని నేను క్లాసు పీకా. "సరే గానీ నీళ్ళు మరీ తేటగా చేసుకోకు, తేట నీళ్ళు మంచివి కావు" అన్నాడు. రొయ్యల చెరువుకి అద్దాల తొట్టెకి తేడా తెలీదు అనుకున్నా మనసులో.

ఈ మధ్యలో మా నాన్న ప్లాన్ ఒకటి. ఇరవై లీటర్ల నీళ్ళు మార్చాలంటే ముప్పావు కేజీ రీఫ్ ఉప్పు పడుతుంది, ఆ బకెట్ రేటు విన్నప్పటినుంచి ఆయనకి నిద్రలేదు. "పేరుపాలెం బీచ్ గంట దూరం, సముద్రం నీళ్ళకి డబ్బులేంట్రా" అని ఒక ఆదివారం ఆటోలో ఐదు క్యాన్లు వేసుకుని పోయి నింపుకొచ్చాడు. జూలై ఆఖరు, గోదారి వరద. వశిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తుంది కదా, ఆ ఎర్రనీళ్ళు తీరం పట్టుకుని ఎక్కడిదాకా వస్తాయో చూస్తే గానీ తెలీదు. క్యాన్లో నీళ్ళు టీ రంగు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క వేస్తే 35 ఉండాల్సింది 23 ఉంది. వరద నీళ్ళూ, డ్రెయిన్లలోంచి వచ్చే చెరువుల నీళ్ళూ అన్నీ కలిసిన సరుకు అది. వద్దు నాన్నా అంటే మూడు రోజులు మాట్లాడలేదు, ఆ ఐదు క్యాన్లు కొబ్బరిచెట్టు మొదట్లో పోశాం.

ఆగస్టు మొదట్లో రెజిన్ వచ్చింది, కాలవ నీళ్ళు వచ్చాయి, నాన్న మేత డబ్బా నా బీరువాలోకి వెళ్ళింది. అక్కడితో ఆగుంటే రెండు నెలల్లో మెల్లగా సర్దుకునేది. నాకేమో అప్పటికే కసి పుట్టేసింది. ఉప్పు అమ్మే షాపతను ఫోన్లో "జీఎఫ్ఓ వేసేయండి సార్, వారంలో ఫాస్ఫేట్ సున్నా" అన్నాడు. ఐరన్ ఆక్సైడ్ గుళికలు అవి, తుప్పు రంగులో ఉంటాయి, నీళ్ళు వాటిగుండా పోతుంటే ఫాస్ఫేట్ ని పట్టేసుకుంటాయి. డబ్బా మీద రాసినదాంట్లో సగంతో మొదలెట్టమంటారు తెలిసినవాళ్ళు, నేను ఫుల్ డోసు వేసి, దాని మీద వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చి, నురగతో మురికి లాగే స్కిమ్మర్ గట్టిగా తిప్పి, టర్బో నత్తలు ఎనిమిది తెప్పించి వదిలా. పన్నెండు రోజుల్లో హన్నాలో 0.00. నాచు పాలిపోయి, రాయినుంచి ఊడిపోయి, నత్తలు మిగతాది గీక్కుతినేశాయి. తెల్లటి ఇసక, బోడి రాళ్ళు. ఫొటోలు తీసి అందరికీ పంపా. బాబాయ్ కి కూడా పంపా, ఆయన వాయిస్ మెసేజ్ పెట్టాడు, "పెళ్ళికొడుకులా ఉంది, జాగ్రత్త."

సరిగ్గా మూడు వారాలు.

తర్వాత ఒక సాయంత్రం ఇసక మీద లేత గోధుమరంగు చీమిడి. సారీ, వేరే మాట లేదు, చీమిడే. తీగలు తీగలుగా సాగుతూ, ప్రతి తీగ చివర ఒక గాలిబుడగ. డయాటమ్ మళ్ళీ వచ్చిందేమో అనుకుని గొట్టంతో లాగేసి పడుకున్నా. పొద్దున్న లేచి చూస్తే ఇసక తెల్లగా ఉంది, హమ్మయ్య అనుకున్నా, సాయంత్రం ఐదింటికి వచ్చేసరికి ముందురోజు కంటే రెట్టింపు. ఇలా వారం. పొద్దున్న లేదు, సాయంత్రం ఉంది. లెదర్ ముడుచుకుపోయింది. తర్వాత నత్తలు అద్దం మీదనుంచి ఒక్కొక్కటీ రాలిపోవడం మొదలెట్టాయి, వెల్లకిలా పడినవి తిరగేసి పెడితే మళ్ళీ పడిపోయేవి. ఎనిమిదిలో ఆరు పోయాయి. చచ్చిన నత్త వాసన మీరు ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు.

నేను ఏం చేశాను? ఇంకా ఎక్కువ నీళ్ళు మార్చా. మార్చిన ప్రతిసారీ మర్నాటికి ఎక్కువ అయ్యేది.

చివరికి బాబాయే "ఆ చీమిడి ఒక సీసాలో పట్టు, ల్యాబ్ కి పోదాం" అన్నాడు. మా భీమవరంలో ఆక్వా ల్యాబులకి కొదవలేదు, రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకొచ్చి క్యూలో ఉంటారు, సెలినిటీ, ఆల్కలినిటీ, అమ్మోనియా, విబ్రియో బ్యాక్టీరియా ప్లేట్లలో పచ్చ కాలనీలెన్ని, పసుపు కాలనీలెన్ని. నా వాటర్ బాటిల్ చూసి ల్యాబ్ కుర్రాడు "ఎన్నెకరాలండి" అన్నాడు. హాల్లో తొట్టె అని చెప్తే నమ్మలేదు. మొదట ఆ చీమిడి బాటిల్లో వేసి గట్టిగా ఊపి, ఫిల్టర్ పేపర్ లో వడకట్టి, కిందకి దిగిన నీళ్ళని కిటికీ దగ్గర లైట్లో పెట్టాడు. మాకు టీ చెప్పాడు. ముప్పావుగంట పోయాక చూస్తే తేటగా దిగిన నీళ్ళలో మళ్ళీ తీగలు కట్టుకుంటున్నాయి, విడిపోయినవన్నీ వెతుక్కుంటూ వచ్చి చేతులు పట్టుకున్నట్టు. డయాటమ్ అయితే ఇలా కట్టుకోదండి అన్నాడు.

తర్వాత ఒక చుక్క స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్ కింద పెట్టి నన్ను చూడమన్నాడు. వందలకొద్దీ ఉన్నాయి, మావిడి పిందెల్లా ఒక చివర లావు, ఒక చివర సన్నం, తేనె రంగు. సన్నటి చివర ఏదో కనపడని దారంతో కట్టేసినట్టు ప్రతిదీ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది, గుంజకి కట్టిన దూడ పలుపు పొడుగునా తిరిగినట్టు. నేను కన్ను తీయకుండా చాలాసేపు చూశా, పక్కన ఎవరో రైతు "మా శాంపిల్ ఎంతసేపండి" అని విసుక్కుంటున్నాడు. "డైనోలండి ఇవి, డైనోఫ్లాజెల్లేట్లు. చెరువు నీళ్ళలో అప్పుడప్పుడు చూస్తాం గానీ ఇంత ముద్దగా ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు కుర్రాడు. ఆ ఆకారం, ఆ తిరుగుడు బట్టి ఆస్ట్రియాప్సిస్ అనే రకం అని ఇంటికొచ్చి బొమ్మలతో పోల్చుకున్నా. వీటిల్లో కొన్ని పాలిటాక్సిన్ జాతి విషమే చేస్తాయి, నత్తలు గీక్కుని తిని చచ్చింది అందుకే.

బాబాయ్ ల్యాబ్ రిపోర్టు తీసుకుని చూశాడు. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. "మరి అదే కదా చెప్పాను. చెరువులో బ్లూమ్, అదే నీటికి రంగిచ్చే నాచు, పడిపోయి నీళ్ళు తేటగా అయ్యాయంటే మాకు ఆ రాత్రి నిద్రుండదు. మంచి నాచు చచ్చిన చోట చెడ్డదొచ్చి కూర్చుంటుంది. నువ్వు చేత్తో చంపుకున్నావు." నిజమే. నీళ్ళలో మేతంతా లాగేస్తే ముందు ఆకలికి చచ్చేది మామూలు నాచూ, రాళ్ళ మీద మంచి బ్యాక్టీరియా. ఈ డైనోలు ఎండ తిని బతకగలవు, అది చాలకపోతే బ్యాక్టీరియాని మింగి కూడా బతకగలవు, రెండు చేతులా తినేవాడికి కరువులో ఢోకా ఉండదు. మిగతావాళ్ళంతా ఊరొదిలి పోతే పొలమంతా వాళ్ళదే. పచ్చ జుట్టు ఉన్నన్నాళ్ళూ వీటికి చోటు దొరకలేదు, నేను ఆ జుట్టు గొరిగించి చోటు చూపించా.

అంటే ఇప్పుడు చేయాల్సింది అంతా తిరగేసి చేయాలి. జీఎఫ్ఓ తీసి పారేశా. నీళ్ళు మార్చడం పూర్తిగా బంద్, ఆరు వారాలు ఒక్క లీటరు కూడా మార్చలేదు. నైట్రేట్ 10 దగ్గరికీ ఫాస్ఫేట్ 0.1 దగ్గరికీ ఎక్కించి అక్కడ నిలబెట్టాలి. దీనికి షాపుల్లో చిన్న సీసాలు అమ్ముతారు, ధర చూసి నాకే నవ్వొచ్చింది, ఎందుకంటే మా ఊళ్ళో ఎరువుల కొట్లో 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్, 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్, కూరగాయలకి స్ప్రే చేసేవి, కేజీ ప్యాకెట్లలో ఉంటాయి. నీళ్ళలో పూర్తిగా కరిగేవి, వేరే మైక్రో న్యూట్రియంట్లు కలపనివి చూసి తెచ్చా. రాగి కలిపింది ఏదైనా పొరపాటున వేస్తే రొయ్యలూ నత్తలూ అంతే సంగతులు, లేబుల్ చదవకుండా వేయకండి.

లెక్క కావాల్సినవాళ్ళకి: నా 200 లీటర్లకి నైట్రేట్ 5 పీపీఎమ్ పెరగాలంటే 13-0-45 ఒకటిన్నర గ్రాము పైన, 1.6 అనుకోండి. ఫాస్ఫేట్ కి 0-52-34 ని 1.4 గ్రాములు లీటరు ఆర్‌వో నీళ్ళలో కలిపి పెట్టుకుంటే అందులో 20 మిల్లీలీటర్లు పోస్తే 0.1 పెరుగుతుంది. బంగారం తూచే బుల్లి డిజిటల్ కాటా ఒకటి కొన్నా. మొదటి వారం ఫాస్ఫేట్ పొద్దున్న 0.1 కి ఎక్కిస్తే సాయంత్రానికి 0.02. ఎక్కడికి పోతుంది? ఆకలి మీదున్న రాళ్ళు పీల్చుకుంటాయి. వాటికి సరిపడా పట్టాకే నీళ్ళలో నిలబడుతుంది. పది రోజులు రోజూ పోసి, రోజూ కొలిచి, హన్నా పొడి ప్యాకెట్లు అయిపోయి మళ్ళీ తెప్పించి... ఆ పది రోజులు తొట్టె ఇంకా ఘోరంగా కనపడింది, ఎరువు వేసింది చీమిడికే పడుతుందేమో అని చేతులు వణికాయి. ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారనుకుంటా.

ఆస్ట్రియాప్సిస్ కి ఒక బలహీనత ఉంది, రాత్రి లైట్ ఆర్పగానే ఇసక వదిలి నీళ్ళలోకి లేస్తుంది. పొద్దున్న ఇసక తెల్లగా కనపడింది అందుకే, పోలేదు, నీళ్ళలో తేలుతుంది. తేలుతుంది కాబట్టి యూవీ, అంటే నీళ్ళని అతినీలలోహిత లైటు పక్కనుంచి పోనిచ్చే గొట్టం, పనిచేస్తుంది. ఇసకని వదలని రకాలు వేరే ఉన్నాయి, ఆంఫిడినియం లాంటివి, వాటికి యూవీ దండగ. అందుకే ముందు మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి, రకం తెలీకుండా యూవీ కొనకండి. నేను 24 వాట్లది తీసుకుని సంప్ లో కాకుండా పైన తొట్టెలోంచే నీళ్ళు లాగి తొట్టెలోకే వదిలేలా పెట్టా, పంపు బాగా తగ్గించి, నీళ్ళు గొట్టంలో నెమ్మదిగా పోతేనే వెలుగు తగులుతుంది. దాంతోపాటు మూడు రోజులు చీకటి. అమ్మ పాత బొంత తెచ్చి తొట్టెకి కప్పింది, గాలి పంపు మాత్రం ఆపలేదు, చీకట్లో ఆక్సిజన్ పడిపోతుంది, పీహెచ్ కూడా. ఆ మూడు రోజుల్లోనే రెండుసార్లు కరెంట్ పోయింది, ఇన్వర్టర్ కి ముందు ఫ్రిజ్ కాదు గాలి పంపు అని ఇంట్లో పెద్ద పంచాయితీ. చుట్టపుచూపుగా వచ్చినావిడ బొంత కప్పిన తొట్టె చూసి "ఏవైందండీ, ఏవన్నా పోయిందా" అని అమ్మని గొంతు తగ్గించి అడిగిందంట.

నాలుగో రోజు పొద్దున్న బొంత తీశా. ఇసక తెల్లగా ఉంది, అది పెద్ద విషయం కాదు, పొద్దున్న ఎప్పుడూ తెల్లగానే ఉండేది. సాయంత్రం ఐదింటికి ఆఫీస్ లో కూర్చోలేక అరగంట ముందే బండేసుకుని వచ్చేశా. ఒక మూల అరచేయంత మచ్చ, అంతే. దాన్ని కదపలేదు, నీళ్ళు మార్చలేదు, యూవీ అలాగే తిరుగుతుంది, ఎరువు అలాగే పోస్తున్నా. మూడో వారానికి మచ్చ కూడా పోయింది. మళ్ళీ సీసాలో ఇసక పట్టుకుని ల్యాబ్ కి పోతే కుర్రాడు చాలాసేపు వెతికి ఒక్కటి చూపించాడు, తిరగడం లేదది.

మధ్యలో రెండు వారాలు ఎర్రటి జిగురు పొర ఒకటి వచ్చింది, సయానోబ్యాక్టీరియా, గొట్టంతో లాగితే చాపలా చుట్టుకుని వచ్చేది, దాని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, నీళ్ళ వేగం పెంచాక దానంతటదే తగ్గింది. నవంబర్లో రాయి వెనకాల పక్షి ఈకలా ఉన్న పచ్చనాచు చిన్న కుచ్చు కనపడింది, బ్రయాప్సిస్. దానికి ఫ్లుకోనజోల్ వేస్తారు అని అంతా చెప్తుంటారు, మనుషులకి ఫంగస్ కి ఇచ్చే బిళ్ళే, లీటరుకి 5 మిల్లీగ్రాముల లెక్కన. అంటే నాకు 150 మిల్లీగ్రాముల బిళ్ళలు ఏడు. మెడికల్ షాపులో అడిగా. ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి, పక్కన ఉన్న ఆడవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, "ఏడెందుకండి, డాక్టర్ గారి చీటీ ఉందా, ఎక్కడొచ్చింది" అన్నాడు. చేపల తొట్టెకండి అన్నా. "అందరూ ఏదో ఒకటి చెప్తారండి" అన్నాడు. చీటీ లేకుండా ఇవ్వనన్నాడు, అది సరైన పనే, తిరిగొచ్చి ఆ చిన్న రాయి మొత్తం బయటికి తీసి ఎండలో పడేశా.

ఇప్పుడు నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.07 అటూఇటూ. ఎరువు వారానికోసారి, అదీ కొలిచాకే. అద్దం మీద మూడు రోజులకోసారి పల్చటి పచ్చ పొర వస్తుంది, పాత ఏటీఎమ్ కార్డుతో గీకేస్తా, వెనక అద్దం మాత్రం గీకట్లేదు, మిగిలిన రెండు నత్తలూ కొత్తగా తెచ్చిన మూడూ దాని మీదే బతుకుతున్నాయి. మొన్న బాబాయ్ వచ్చి వెనక అద్దం చూసి "ఆ, ఇప్పుడుంది రంగు" అన్నాడు. తర్వాత జేబులోంచి చిన్న కవరు తీసి నాన్న చేతిలో పెట్టాడు, లోపల రొయ్యపిల్లల మేత పొడి. ఇద్దర్నీ హాల్లోంచి బయటికి పంపేసరికి తాతలు దిగొచ్చారు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది, వచ్చే వారం కాలవలు కట్టేస్తారంట. ఊరోళ్ళు చెరువు నింపుకుంటున్నారు, నేను రెజిన్ రెండు ప్యాకెట్లు ముందే తెప్పించుకుని, ఇరవై లీటర్ల క్యాన్లు పద్నాలుగు నింపి మంచం కింద వరసగా పెట్టా, ఒక్కోదాని మీద సున్నా అని మార్కర్ తో రాసి. నిన్న చూస్తే పదమూడే నిండుగా ఉన్నాయి, ఒకటి సగానికి దిగిపోయింది. కుళాయి రాలేదని అమ్మ పప్పులో పోసిందంట. "ఏం నీళ్ళురా అవి, కందిపప్పు రెండు విజిల్స్ కే వెన్నలా ఉడికిపోయింది" అంటుంది, ఇవాళ ఇంకో క్యాను మూత తీసుంది.